బెర్న్‌హార్డ్ వైస్ – ద్వేషవాక్కునకు చట్టము మందగునా?

విషవాక్కును చట్టముచే నరికట్టవచ్చునా యను ప్రశ్న ఐరోపా ఖండమును నేటికిని వదలలేదు. యూదుల ప్రార్థనాలయముల ముంగిట సాయుధులైన పోలీసులు కావలి కాయవలసిన దుస్థితి యీ శతాబ్దమునను తప్పలేదు. ద్వేషప్రచారమును నేరముగా నెంచి శిక్షింపనిదే అల్పసంఖ్యాకులకు రక్షణ లేదని యొక పక్షమువారు వాదింతురు. శిక్ష వలన ద్వేషమునకు ప్రచారమును, ద్వేషికి వీరుడన్న పేరును లభించుటయే గాని వేఱు ఫలము లేదని రెండవ పక్షమువారు వాదింతురు. ఉభయులును తమకు సాక్ష్యముగా పిలుచునది 1919 మొదలు 1933 వఱకు జర్మనీలో నడచిన వైమార్ గణతంత్రమునే. ఆ గణతంత్రపు చట్టములను నమ్ముకొని, ద్వేషప్రచారకులతో ఐదేండ్లపాటు న్యాయస్థానములయందు పోరాడినవాడు బెర్లిన్ నగర పోలీసు ఉపాధ్యక్షుడైన డాక్టర్ బెర్న్‌హార్డ్ వైస్. ఆయన చరిత్రము నెఱుగక ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబూనుట సాహసము.

వైస్ 1880 జూలై 30వ తేదీన బెర్లిన్ నగరమున, ధాన్యవర్తకుడైన యొక యూదు గృహస్థునకు జన్మించెను. ఆ తరమునందలి జర్మన్ యూదులలో పెక్కురు తమ్ము పరదేశీయులుగా తలచినవారు కారు. తాము యూదుమతావలంబకులైన జర్మన్ పౌరులమని చెప్పుకొనుచు, ఆ పేరుతోనే 1893లో ఒక సంఘమును స్థాపించుకొనిరి. 1871 నాటికి సామ్రాజ్యమంతటను వారికి చట్టరీత్యా సమానహక్కులు లభించియుండెను. కాని పుస్తకముననున్న సమానత్వము ప్రభుత్వకార్యాలయముల గడప దాటి లోనికి రాలేదు. న్యాయశాస్త్రమున డాక్టరు పట్టమును పొందిన వైస్‌కు ప్రష్యా సైన్యమున రిజర్వు అధికారి పదవి దొరకదు. అచ్చట యూదులకు ఆ ద్వారము మూసియుండెను. అందుచే ఆయన బవేరియా సైన్యమున ప్రవేశించి ఆ హోదాను సంపాదించెను. 1914లో మహాసంగ్రామము రాగా రణరంగమునకేగి, అశ్వికదళమున కెప్టెన్ పదవి నొంది, ప్రథమశ్రేణి ఇనుపశిలువ పతకమును ధరించి తిరిగివచ్చెను.

1918 వేసవిలో ఆయనను బెర్లిన్ నేరపరిశోధక శాఖకు ఉపనాయకునిగా నియమించిరి. మతము మార్చుకొనని యూదునకు ప్రష్యాలో అట్టి పదవి లభించుట అత్యంతారుదైన విషయము. కొలది మాసములలోనే జర్మనీ యుద్ధమున నోడిపోయెను, చక్రవర్తి దేశము విడిచిపోయెను, గణతంత్రము వెలసెను. పాత అధికారులలో పలువురు క్రొత్త ప్రభుత్వపు జీతమును పుచ్చుకొనుచు పాత ప్రభుత్వమునే ధ్యానించుచుండిరి. వైస్ అట్లుగాక గణతంత్రమును తన మనసార సేవించెను. రాజకీయ పోలీసు శాఖ ఆయన చేతికి వచ్చెను. 1922 జూన్ 24వ తేదీన విదేశాంగమంత్రి వాల్టర్ రాథెనౌను పట్టపగలు బెర్లిన్ వీధిలో తుపాకులతో కాల్చి చంపిరి. రాథెనౌ యూదుడగుటయే హంతకుల దృష్టిలో మహాపరాధము. ఆ హంతకుల జాడ తీయించిన పరిశోధనకు వైస్ నాయకత్వము వహించెను. హత్య జరిగి నెల తిరుగకముందే గణతంత్రరక్షణ చట్టము పుట్టినది. హత్యకు ముందు నోటిమాటలతో సాగిన విషప్రచారమును చూచి దేశము భయపడి చేసిన చట్టమది.

1926 నవంబరులో నాజీపక్షపు బెర్లిన్ శాఖకు నాయకుడై జోసెఫ్ గోబెల్స్ వచ్చెను. అప్పటికి ఆ శాఖ అల్పమైనది. తమలో తాము కలహించుకొనుచున్నది. నగరము దానిని గుర్తింపనైనను లేదు. గుర్తింపు కావలెనన్న ఒక శత్రువు కావలెను. ఆ శత్రువు అందఱికి తెలిసినవాడును, సులభముగా వెక్కిరింపదగినవాడును అయియుండవలెను. 1927లో పోలీసు ఉపాధ్యక్షపదవి నధిష్ఠించిన వైస్ గోబెల్స్ కంటబడెను. వైస్ పొట్టివాడు, కండ్లద్దములు ధరించువాడు, యూదుడు, చట్టమును కఠినముగా నమలుపరచువాడు. 1927 మేలో బెర్లిన్ పోలీసులు నాజీపక్షమును నగరమున నిషేధించిరి. జూలైలో గోబెల్స్ తన పత్రికను స్థాపించెను. దాని పేరు డేర్ ఆంగ్రిఫ్, అనగా దాడి. ఆ దాడికి నిత్యలక్ష్యము వైస్. బెర్న్‌హార్డ్ అను ఆయన పేరును తొలగించి, ఇసిడోర్ అను పేరును ఆయనకు తగిలించి, వారము వారమును వ్యాసములలోను, వ్యంగ్యచిత్రములలోను వెక్కిరింపసాగిరి. ఆ చిత్రములను, వ్రాతలను ఒక పుస్తకముగా కూర్చి అమ్ముకొనిరి కూడ.

పేరు మార్చుటలో నేమున్నదని పాఠకులు సందేహింపవచ్చును. ఇసిడోర్ అనునది మూలమున గ్రీకు నామము. క్రైస్తవ మహాత్ములు కూడ దానిని ధరించియున్నారు. కాని ఆనాటి జర్మనీలో అది యూదుల పేరుగా హాస్యమునకు నిలిచియుండెను. బెర్న్‌హార్డ్ అన్నచో జర్మన్ అధికారి. ఇసిడోర్ అన్నచో దొంగవేషము వేసిన పరదేశి. ఆ యొక్క పేరుతో గోబెల్స్ రెండు కార్యములను సాధించెను. ఈ యూదుడు ఎంతటి పదవిలో నున్నను మనవాడు కాడని సామాన్యజనుల చెవిలో నూదెను. ఇట్టివానిచే నడుపబడు గణతంత్రము కూడ మనది కాదని వారిచే ననిపించెను. సభలలో, వీధులలో, ఊరేగింపులలో ఆ పేరే కేకగా మాఱినది. చివరకు వైస్ అసలు పేరు నెఱుగనివారు సైతము ఆ యెగతాళి పేరు నెఱుగుదురు.

ఇంతటి యుపద్రవమునకు చట్టమున నేమి మందున్నది? 1871 నాటి శిక్షాస్మృతిలో మూడు మార్గములు గలవు. ప్రజలలోని వర్గములను హింసకు పురికొల్పుట నేరము. మతసంఘములను దూషించుట నేరము. వ్యక్తిని అవమానించుట నేరము. కాని వీనికి న్యాయమూర్తులు చెప్పిన యర్థములు వింతగానుండెను. మతమును గాక జాతిని నిందించితిమని ముద్దాయి చెప్పినచో రెండవ మార్గము సన్నగిల్లెను. యూదులందఱిని గూర్చి మొత్తముగా బలికిన దూషణ యే యొక్క యూదునకును అవమానము కాదని ఉన్నతన్యాయస్థానముల అభిప్రాయము. పైన చెప్పిన యూదు పౌరసంఘమువారు న్యాయవాదులను నియమించి ఈ మార్గములన్నింటను వ్యాజ్యములు నడిపింపజూచిరి. కొన్నింట గెలుపును కలిగెను. నురెంబర్గు నగరమునుండి వెలువడిన అత్యంత నీచమైన యూదుద్వేషపత్రిక డేర్ ష్టూర్మర్. దాని యధిపతి జూలియస్ ష్ట్రైకర్‌కు 1929లో మతదూషణ నేరమునకై కారాగారశిక్ష పడెను. కాని సాధారణముగా సమూహమునకు దొరకని రక్షణ వ్యక్తికి మాత్రము దొరకును. కావున వైస్ మూడవ మార్గమును పట్టెను. తన పేరు కొఱకు తానే వాదియై న్యాయస్థానమున నిలిచెను.

ఒకటి గాదు, రెండు గాదు. పదుల సంఖ్యలో అభియోగములు నడచెను. వానిలో పెక్కింట వైస్ గెలిచెను. ఇది గమనింపదగిన విషయము. ఇసిడోర్ అనునది కేవలమొక పేరేననియు, పేరు అవమానమెట్లగుననియు నాజీల న్యాయవాదులు వాదించిరి. యూదుడను కారణమున ఒక యధికారిని హేళన చేయుటకై తనది కాని పేరును తగిలించుట అవమానమేయని న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. గోబెల్సునకును, ఆతని సంపాదకులకును జరిమానాలును, కొంత కారాగారశిక్షయు విధింపబడెను. కాని ప్రతి తీర్పును ఆ పత్రిక మఱియొక పరిహాసముగా మార్చుకొనెను. మంచుమీద కాళ్లు జాఱి నిలిచిన గాడిదకు వైస్ ముఖమును తగిలించి యొక చిత్రమును ప్రకటింపగా న్యాయస్థానము శిక్షించెను. అంతట గాడిదకును వైస్‌కును పోలిక గలదని న్యాయమూర్తులే నిర్ణయించిరని ఆ పత్రిక మరల ప్రకటించి నవ్వించెను. వైస్ చిక్కుకొనిన ఉచ్చు ఇట్టిది: ఊరకున్నచో అవమానము పెరుగును, వ్యాజ్యము తెచ్చినచో అవమానము నగరమంతటను వినబడును. యూదుల పేరుగా పరిగణింపబడు ఒక పేరు తనకు అవమానకరమని వాదించుటయందే యొక బాధ గలదు. తన మతమును విడువని ఆ మానధనునకు ఆ బాధ ఎఱుక పడకపోలేదనియే మా తలంపు.

శిక్షలు తగులవలసిన కాలమున తగులకపోవుట రెండవ లోపము. 1928 మే ఎన్నికలలో గోబెల్స్ పార్లమెంటు సభ్యుడయ్యెను. సభానుమతి లేనిదే సభ్యుని విచారింపరాదు. ఆ కవచము చాటున నెలల తరబడి అభియోగములు నిలిచిపోయినవి. 1932 డిసెంబరులో వచ్చిన సర్వక్షమాపణచట్టము రాజకీయనేరములకు పడిన శిక్షలను పెక్కింటిని తుడిచివైచెను. న్యాయమూర్తులలో గణతంత్రమును ప్రేమింపనివారు అనేకులు. 1931 సెప్టెంబరు 12వ తేదీన యూదుల సంవత్సరాది. నాడు ప్రార్థనలనుండి మరలివచ్చువారిని బెర్లిన్‌లోని కుర్‌ఫుర్‌స్టెన్‌డామ్ రాజవీధిలో నాజీదళములు పడగొట్టి కొట్టెను. ఆ దళముల నాయకుడు కౌంటు హెల్‌డార్ఫ్. ఆతడు పైన్యాయస్థానమున స్వల్పశిక్షతో బయటపడెను. మాటకు జరిమానా విధించిన చట్టము చేతికి వచ్చుసరికి చేయి వణకినది. ఈ హెల్‌డార్ఫును పాఠకులు మఱువకుందురు గాక. మరల ఆతని ప్రస్తావన వచ్చును.

1932 మే 12వ తేదీన పార్లమెంటు భవనములోనే నాజీసభ్యులు కొందఱు ఒక పత్రికారచయితను పట్టుకొని కొట్టిరి. సభాధ్యక్షుని పిలుపుపై వైస్ పోలీసులతో సభామందిరమున ప్రవేశించి నిందితులను నిర్బంధింపబోగా, నాజీసభ్యులందఱును ఒక్క గొంతుకతో ఆ యెగతాళి పేరును కేకవేసిరి. చట్టసభయే ఆ కేకకు వేదికయైనది. తరువాత రెండు మాసములకు, జూలై 20వ తేదీన, ప్రధానమంత్రి ఫాన్ పాపెన్ అత్యవసరాధికారములను ప్రయోగించి ప్రష్యా ప్రభుత్వమును పదభ్రష్టము చేసెను. పోలీసు అధ్యక్షుడు గ్జెసిన్‌స్కీని, ఉపాధ్యక్షుడు వైస్‌ను సైనికులు నిర్బంధించి, అధికారము చెలాయింపబోమని వ్రాయించుకొని విడిచిపెట్టిరి. ఎదిరింపుమని ఎవరును ఆజ్ఞాపింపలేదు, ఎవరును ఎదిరింపలేదు. అవమానించినవారిని ఐదేండ్లపాటు న్యాయస్థానమునకీడ్చిన అధికారికి తన పదవిని కోలుపోయిన దినమున చట్టము తోడు రాలేదు.

1933 జనవరి 30వ తేదీన హిట్లర్ ప్రధానమంత్రి యయ్యెను. వైస్ ఇల్లు దోపిడికి గురియయ్యెను. ఆయన ప్రాణములు దక్కించుకొని ప్రాగ్ నగరమునకును, అచ్చటినుండి లండనునకును చేరెను. ఆగస్టులో నాజీప్రభుత్వము పౌరసత్వమును రద్దు చేసిన వారి మొదటి పట్టికను ప్రకటించెను. అందలి ముప్పదిమూడు పేర్లలో వైస్ పేరు గలదు. నాడు మాత్రము వారు ఆయన అసలు పేరునే వ్రాసిరి. వీధిరౌడీలకు నాయకుడైన హెల్‌డార్ఫ్ 1935లో బెర్లిన్ పోలీసు అధ్యక్షుడయ్యెను. ఆతడు 1944లో హిట్లరుపై కుట్రలో పాల్గొని ఉరికంబమెక్కుట వేఱొక కథ.

ఇంతకంటెను ఘోరమైన ఫలశ్రుతి 1938 ఆగస్టు 17వ తేదీన వెలువడినది. ప్రభుత్వము నిర్ణయించిన పట్టికలోని పేర్లు లేని యూదులలో పురుషులందఱును ఇజ్రాయేల్ అనియు, స్త్రీలందఱును సారా అనియు మఱియొక పేరును చేర్చుకొని వ్యవహరింపవలెనని ఆ శాసనము. అది 1939 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. పదేండ్లకు పూర్వము ఒక మనుష్యునకు తగిలించినప్పుడు ఏ పరిహాసము నేరమని న్యాయమూర్తులు శిక్షించిరో, ఆ పరిహాసమే లక్షలాది జనులకు విధింపబడిన శాసనమయ్యెను. దానిని పాటింపకుండుటయే నేరమయ్యెను. కంచె చేను మేయుట యన నిదియే గదా! ఆ పేర్లు చేర్చిన గుర్తింపుపత్రములను చేతబట్టుకొనియే వేలాది కుటుంబములు మృత్యుశిబిరములకు పోయిన రైళ్లనెక్కెను.

కావున ఇట్టి చట్టములు నిరర్థకములని తీర్మానింపవచ్చునా? వైమార్ కథను చెప్పి అట్లు తీర్మానించువారు ఒక యంకెను మఱచుచున్నారు. వైస్ అభియోగములు ఉద్ధృతముగా సాగుచున్న 1928లో నాజీలకు దేశమందంతటను లభించిన ఓట్లు నూటికి మూడు కంటె తక్కువ. వారి స్థానములు పండ్రెండు. 1930 సెప్టెంబరులో అవి నూటయేడయ్యెను. 1932 జూలైలో రెండు వందల ముప్పది. ఈ నడుమ మాఱినది శిక్షాస్మృతి గాదు. 1929లో ఆర్థికసంక్షోభము విరుచుకుపడెను. 1932 నాటికి పనిలేనివారి సంఖ్య అరువది లక్షలు దాటెను. మంత్రివర్గములు పార్లమెంటునందు బలము లేక, అధ్యక్షుని అత్యవసరాధికారములపై ఆధారపడి బ్రతికెను. న్యాయస్థానపు జరిమానాల వలన గోబెల్సునకు కొంత ప్రచారము కలిగినమాట వాస్తవము. కాని ఆ ప్రచారమొక్కటే ఆతనిని గెలిపించెననుట చరిత్రకు విరుద్ధము. ప్రజలకు కూడు లేనప్పుడు, నాయకులకు తెగువ లేనప్పుడు, న్యాయమూర్తులకు నిష్ఠ లేనప్పుడు ఏ చట్టము నిలుచును?

ఫ్రాన్సు దేశపు చరిత్రయు నిదియే చెప్పుచున్నది. 1939 ఏప్రిల్‌లో అచ్చటి ప్రభుత్వము జాతిమతద్వేషమును రేపు పత్రికావ్రాతలను శిక్షించు శాసనమును చేసెను. మఱుసటి సంవత్సరము దేశము జర్మనీకి లొంగిపోగా, విషీ పట్టణమున నేర్పడిన ప్రభుత్వము 1940 ఆగస్టులో ఆ శాసనమును రద్దు చేసి, అక్టోబరులో యూదులను ఉద్యోగములనుండి వెడలగొట్టు శాసనమును చేసెను. రక్షణచట్టమునకు ఆయుర్దాయము దానిని రక్షించు ప్రభుత్వపు ఆయుర్దాయమంతయే.

యుద్ధానంతరము జర్మనీ ఈ పాఠమును కొంతవఱకు నేర్చెను. నురెంబర్గు అంతర్జాతీయ న్యాయస్థానము ష్ట్రైకర్‌ను అతని ద్వేషప్రచారమునకై మానవజాతిపై నేరము చేసినవానినిగా నిర్ణయింపగా, 1946 అక్టోబరు 16వ తేదీన ఆతనిని ఉరిదీసిరి. 1959 క్రిస్మస్ సమయమున కొలోన్ నగరపు యూదు ప్రార్థనాలయముపై స్వస్తికచిహ్నములు పూయబడెను. దేశమంతటను అట్టి దుశ్చేష్టలు వ్యాపించెను. ఆ కలవరపాటులో 1960లో శిక్షాస్మృతిని సవరించి, ప్రజలలోని యే భాగముపైనైనను ద్వేషమును రేపి వారి మానవగౌరవమును భంగపఱచుటను నేరము చేసిరి. 1994లో యూదుల సామూహికవధ జరుగలేదని బొంకుటయు స్పష్టముగా నేరమయ్యెను. ఫ్రాన్సులో 1972లోను, 1990లోను ఇట్టి చట్టములే వచ్చెను. వీని ఫలమును సులభముగా త్రోసివేయరాదు. గోబెల్స్ వలె వారము వారమును బాహాటముగా ఒక యధికారిని ఆతని జన్మకారణమున హేళన చేయు పత్రికను నేడు జర్మనీలో నడుపుట కష్టసాధ్యము. పక్కింటివాడు భయములేక వీధిలోనికి వచ్చుటకు అది కొంత ధైర్యమే.

కాని ఆ చట్టములున్న దేశములలోనే 2012లో టూలూజ్ నగరపు యూదుపాఠశాల ముందు ఒక యుపాధ్యాయుడును, ముగ్గురు పసిబిడ్డలును హతులైరి. 2015 జనవరిలో పారిస్ నగరమున యూదుల యంగడిలో నలుగురు హతులైరి. 2019 అక్టోబరు 9వ తేదీన, యూదుల పవిత్రోపవాసదినమున, జర్మనీలోని హాలె నగరపు ప్రార్థనాలయముపై తుపాకులతో ఒకడు దాడి వెడలెను. లోపల సుమారు యాభైమంది ప్రార్థన చేయుచుండిరి. బయట పోలీసుకావలి లేదు. దృఢమైన తలుపు విఱుగకపోవుటచే వారు బ్రతికిరి. కాని బయట ఇరువురు నిరపరాధులు బలియైరి. ఆ హంతకుడు విషమును గ్రోలినది బాహాటమైన సభలలో గాదు; పేరులేనివారు పేరులేనివారితో మాటలాడుకొను ఇంటర్నెట్టు చాటుగదులలో. బహిరంగవాక్కును అదుపుచేసిన చట్టమునకు ఆ చాటుగదులలోనికి చూపు సాగలేదు. అదియును గాక, శిక్షకు అందకుండ సంకేతపదములతో ద్వేషమును పలుకు విద్య నేడు పెరిగినది. ఇసిడోర్ అను పేరు వంటివి నేడును పుట్టుచునేయున్నవి.

కావున ఈ చరిత్రమునుండి మనము గ్రహింపదగిన దేమన: ద్వేషవాక్కును శిక్షించు చట్టము అవసరము, అది చాలునను భ్రమ మాత్రము ప్రమాదకరము. చట్టము అవమానితునకు నీవు ఒంటరివాడవు కావని చెప్పును. కాని ఆ మాట నిజము కావలెనన్నచో న్యాయమూర్తి నిష్పక్షపాతి కావలెను, శిక్ష సకాలమున పడవలెను, మాటకు పడిన శిక్ష దెబ్బకు అంతకు రెట్టింపు పడవలెను. అన్నింటికంటెను ముఖ్యముగా, అవమానము జరుగుచున్నప్పుడు నవ్వని పొరుగువారుండవలెను. గోబెల్స్ చిత్రములను కొని నవ్వినవారందఱును హంతకులు కారు. వారిలో పెక్కురు మర్యాదస్థులే. గోబెల్స్ బలము వారి నవ్వే. వైస్ న్యాయస్థానమున గెలిచి నగరమున నోడిపోయెను. ఆ యోటమి ఆయనది గాదు. ఆయనను ఒంటరిగా పోరాడనిచ్చిన నగరముది.

వైస్ లండనులో ముద్రణవ్యాపారము చేసికొనుచు సామాన్యజీవనము గడపెను. యుద్ధము ముగిసిన తరువాతను ఆయనకు స్వదేశమున మరల స్థిరపడు భాగ్యము కలుగలేదు. 1951 జూలై 29వ తేదీన, తన డెబ్బదియొకటవ జన్మదినమునకు ఒక దినము ముందు, ఆయన లండనులోనే కన్నుమూసెను. నేడు బెర్లిన్ నగరమున, పూర్వము పోలీసు ప్రధానకార్యాలయమున్న అలెగ్జాండర్‌ప్లాట్జ్ చెంత ఒక వీధికి ఆయన పేరు పెట్టబడియున్నది. ఆ పలకపై బెర్న్‌హార్డ్ వైస్ అనియే యున్నది. ఆయన జీవితకాలమున న్యాయస్థానము లన్నియు గూడి తిరిగి యీయలేకపోయిన ఆ పేరును నగరము ఆయన మరణానంతరము తనంతట తాను తిరిగి యిచ్చినది. బ్రతికియున్నప్పుడే యిచ్చుట నేర్చిన నగరములకు చట్టముతో పని తక్కువగా నుండును.